నీళ్ళు ఆగినప్పుడల్లా నావైపు చూడు

విమానం ఎక్కలేదు, హోటల్లో దిగలేదు, ఏ ఒక్క రాత్రీ సొంత మంచం వదిలి పడుకోలేదు. దీన్ని యాత్ర అంటే నవ్వేవాళ్ళు ఉంటారని తెలుసు. ఇద్దరు చిన్నపిల్లల్ని వెనక సీట్లో కట్టి, పెళ్ళాం తోడు లేకుండా ఐదు రోజులు తిరిగొచ్చిన మగవాణ్ణి అడగండి, అది యాత్ర అవునో కాదో చెబుతాడు.

మా ఆవిడ స్వప్న వరంగల్‌లో ఫార్మసీ చదివింది. ఇక్కడ అమెరికాలో ఆ పని చేయాలంటే లైసెన్స్ పరీక్ష రాయాలి. జూలైలో ఒక శనివారం ఆ పరీక్ష. ముందు ఆదివారం తను పుస్తకాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి నావైపు తిరిగింది.

"ఐదు రోజులు లీవ్ పెట్టు మధూ. పొద్దుగాల్నే పిల్లల్ని తీస్కపో. సాయంత్రం దాంక ఇంటికి తేకు."

"ఎక్కడికి తీసుకెళ్ళమంటావు?"

"ఏడికన్నా పో. నాకు ఇల్లు సప్పుడు లేకుండ కావాలె."

మ్యూజియం, జూ అంటూ లెక్క వేస్తే ఐదు రోజులకు టికెట్లే గుండె గుభేలుమనిపించాయి. ఆఫీసులో ఒకతను స్ప్లాష్ ప్యాడ్‌ల గురించి చెప్పాడు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. అది కొలను కాదు, లోతు ఉండదు. పార్కులో గరుకు సిమెంటు నేల, ఆ నేలలోంచి చిమ్మే నీళ్ళు, రంగురంగుల స్తంభాలమీంచి జల్లు. కొన్నిచోట్ల తలమీద పెద్ద బకెట్ ఉంటుంది, నిండగానే బోర్లా పడుతుంది. ఒక మీట నొక్కితే నీళ్ళు మొదలవుతాయి. కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, మళ్ళీ ఎవరో నొక్కాలి. టికెట్ లేదు, గేటు లేదు, పేరు రాయించుకునేది లేదు. ఏ ఊరివాడైనా పిల్లల్ని దింపి కూర్చోవచ్చు.

అంతా బాగుంది. కానీ మా ఇంట్లో నీళ్ళకీ మాకూ ఒక చిక్కుంది.

మా పెద్దది మహతికి ఆరేళ్ళు, చిన్నవాడు రుత్విక్‌కి మూడు. మహతికి పుట్టినప్పటి నుంచీ వినికిడి చాలా తక్కువ. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయి. తీసేస్తే, పక్కన పళ్ళెం కిందపడినా తల తిప్పదు. ఆ మిషన్లు తడవకూడదు. అందుకని ఇన్నాళ్ళూ బీచ్ అన్నా, అపార్ట్‌మెంట్‌లో ఈత కొలను అన్నా ఏదో వంక చెప్పి తప్పించాను. స్ప్లాష్ ప్యాడ్‌లో మునిగిపోయేది లేదు కదా, ఇక భయమేముంది అనుకున్నాను. అప్పుడు ఆలోచించింది నా భయం గురించి మాత్రమే.

సన్నీవేల్, సోమవారం

మా ఊరితోనే మొదలుపెట్టాం. మేం చేరేసరికి పదైంది, గాలి ఇంకా చల్లగానే ఉంది. పార్కులో పది పదిహేను మంది పిల్లలున్నారు. చెట్లకింద నాలాంటి తండ్రులు ఇద్దరు ఒళ్ళో లాప్‌టాప్‌లు పెట్టుకుని, చెవుల్లో మీటింగ్ వింటూ, నోటితో "డోంట్ రన్" అని పిల్లల్ని కేకలేస్తున్నారు.

రుత్విక్ మీట నొక్కాడు. నేల పదిచోట్ల చిల్లులు పడ్డట్టు నీళ్ళు ఎగిశాయి. నాది అనంతపురం. మా వీధిలోకి ట్యాంకర్ వస్తే ఆడవాళ్ళు కొంగులు బిగించి బిందెలతో పరుగెత్తడం చూస్తూ పెరిగినవాణ్ణి. నీళ్ళు అలా ఊరికే నేలమీద పడి పోతుంటే మొదట్లో నా ప్రాణం ఉసూరుమంది. చెత్తడబ్బాలు మారుస్తున్న పార్కు మనిషిని ఆపి, ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయని అడిగాను. శుభ్రంచేసి మళ్ళీ పైకి తోస్తారట. "ఈ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే," అన్నాడతను. మా అమ్మ వచ్చుంటే రెండో మనిషి దొరికేది.

పదిన్నరకల్లా మొదటి ప్రమాదం జరిగింది. నీళ్ళలోకి వేరే డైపర్ ఉంటుందని స్వప్న చెప్పింది, నేను మామూలుదే వేశాను. అది నీళ్ళు తాగి తాగి రుత్విక్ మోకాళ్ళ దాకా జారింది. వాడు దాన్ని ఈడ్చుకుంటూనే పరుగెత్తాడు. చివరికది పగిలి, తెల్లటి గుజ్జు సిమెంటు మీద పరుచుకుంది. పిల్లలు కేరింతలు కొట్టారు. నేను మోకాళ్ళమీద కూర్చుని కాగితాలతో ఎత్తుతుంటే ఒక చైనా తాతగారు మాట్లాడకుండా వచ్చి, తన సంచీలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి నోరు తెరిచి పట్టుకున్నాడు. పని అయ్యాక కవర్ ముడివేసి నా చేతికిచ్చి, ఎంత మాట్లాడకుండా వచ్చాడో అంత మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఈ హడావుడి అంతసేపూ మహతి బెంచీ మీదే ఉంది. చెవులు కప్పేలా టోపీ. ఆ టోపీ నేను అలవాటు చేసిందే.

"కాళ్ళు మాత్రం తడుపుకో మహీ. మిషన్లు నాకివ్వు, జాగ్రత్తగా పెడతాను."

రెండు చేతులతో చెవులు మూసుకుంది. "వద్దు."

"ఎందుకమ్మా? నీళ్ళంటే భయమా?"

"నీళ్ళు ఓకే నాన్నా. ఇయర్స్ తీసేస్తే నువ్వు ఉన్నావో లేదో నాకు ఎలా తెలుసు?"

తెచ్చుకున్న పెరుగన్నం తిని, అక్కడా ఇక్కడా తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరాం.

ఫ్రీమాంట్, మంగళవారం

ఫ్రీమాంట్‌లో వినికిడి లేని పిల్లల కోసం ఎన్నో ఏళ్ళుగా ఒక పెద్ద బడి ఉంది. అందుకని ఆ ఊళ్ళో చేతులతో మాట్లాడుకునేవాళ్ళు బజారులో, కాఫీ కొట్లో మామూలుగా కనిపిస్తారు. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. మేం వెళ్ళింది మాత్రం అక్కడి పార్కు పెద్దదని.

మహతికి బడిలో టీచర్ సైగల భాష కొంత నేర్పింది. ఇంట్లో వద్దన్నది నేను. చేతులకు అలవాటు పడితే మాట రాదేమోనని, అందులో తెలుగు అసలే రాదేమోనని. అలా ఏమీ కాదని డాక్టర్ చెప్పినా నా చెవికెక్కలేదు. పిల్ల అన్నంకోసం చేతులు కదిపితే "నోటితో అడుగు" అనేవాణ్ణి.

ఆ రోజు మా పక్క బల్ల దగ్గర అరవయ్యేళ్ళ ఆవిడ ఒకరు కూర్చునుంది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఎండకు కందిన మొహం. నీళ్ళలో ఆడుతున్న మనవరాలితో దూరం నుంచే చేతులతో మాట్లాడుతోంది. అంత గోలలో తల్లులందరూ గొంతులు చించుకుంటుంటే ఈవిడ నింపాదిగా నిమ్మరసం తాగుతూ, సన్‌స్క్రీన్ మళ్ళీ రాసుకొమ్మని ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న పిల్లకు చెప్పేసింది. మహతి కళ్ళు ఆ చేతులకు అతుక్కుపోయాయి.

ఆవిడ గమనించింది. మహతి వైపు చెయ్యి ఊపి ఏదో అడిగింది. మహతి నావైపు ఒకసారి దొంగచూపు చూసి, వేళ్ళతో ఒక్కో అక్షరం కట్టి తన పేరు చెప్పింది. ఆ తర్వాత పది నిమిషాలు నేను అక్కడ లేనట్టే. నా కూతురు ముక్కూ మొహం తెలియని మనిషితో పకపకా నవ్వుతోంది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం కంటే ముందు కడుపు మండింది.

ఆవిడ పేరు డోనా, తనకీ వినపడదు. ఫోన్‌లో టైప్ చేసి నాకు చూపించింది. పాప నీళ్ళలోకి ఎందుకు దిగడంలేదని అడిగింది. మహతి సోమవారం అన్న మాటే టైప్ చేశాను. చదివి తలూపి, చాలాసేపు టైప్ చేసింది. దాని సారాంశం ఇది. పిల్లకు వినిపించదు, కాబట్టి పిలవడం పనికిరాదు. చూస్తుంది, కాబట్టి చూపు ఖాయం చేయాలి. ఈ నీళ్ళు ఎలాగూ కాసేపటికోసారి ఆగుతాయి. ఆగినప్పుడల్లా పిల్ల నీవైపు చూడాలి. ఆ క్షణానికి నువ్వూ పిల్లవైపే చూస్తుండాలి. అంతే ఒప్పందం.

మహతికి అదే సంగతి చేతులతో చెప్పింది. మహతి నన్ను అడిగింది: "ప్రామిస్?"

"ప్రామిస్. నీళ్ళు ఆగినప్పుడల్లా నావైపు చూడు. నేను చూస్తుంటాను."

తను చెవి మిషన్లు తీసి నా అరచేతిలో పెట్టింది. చీమంత అడుగులు వేస్తూ వెళ్ళింది. నీళ్ళు కాళ్ళకు తగిలాయి, మోకాళ్ళకు తగిలాయి. డోనా మనవరాలు చెయ్యి పట్టుకుంది. ఒక జల్లు మొహమ్మీద పడితే మహతి ఉలిక్కిపడి, నవ్వింది. నీళ్ళు ఆగాయి. చూసింది. నేను చెయ్యి ఊపాను. మళ్ళీ ఆగాయి. చూసింది. ఊపాను.

మూడోసారికి ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి, ఒక చిన్న ప్రశ్న. జవాబు టైప్ చేయడానికి అర నిమిషం పట్టిందేమో. తలెత్తేసరికి నీళ్ళు ఆగున్నాయి. మహతి అన్నిటి మధ్యా నిలబడి, నా వంచిన తలనే చూస్తోంది. ఏడుపు గొంతులోకి రాకముందే మొహమంతా వచ్చేసింది. పరుగెత్తుకొచ్చి తువ్వాలు తలమీంచి కప్పుకుని బల్లకింద దూరింది.

"సారీ మహీ, ఒక్క నిమిషమే..." అన్నాను. మిషన్లు నా చేతిలో ఉన్నాయి. ఎవరికి చెబుతున్నట్టు?

డోనా ఫోన్ నా ముందుకు జరిపింది. ఆవిడ రాసింది చిన్న చిన్న మాటలే. "పాప మాట నిలబెట్టుకుంది. నువ్వు నిలబెట్టుకోలేదు." కాసేపాగి ఇంకో వాక్యం చేర్చింది. "రేపు మళ్ళీ తీసుకురా."

మళ్ళీ ఫ్రీమాంట్, బుధవారం

డోనా రాలేదు. మంగళవారాలూ గురువారాలూ మాత్రమే వస్తుందని తర్వాత తెలిసింది. మహతి చుట్టూ వెతికి బెంచీ మీద కూర్చుంది. నేను ఫోన్ ఆపేసి, కార్ డాష్‌బోర్డులో పడేసి, తాళం వేసి వచ్చాను. అది కళ్ళారా చూసింది తను.

గంట గడిచింది. రుత్విక్‌ని చంకనెత్తుకుని నేనే నీళ్ళ అంచున నిలబడ్డాను, ప్యాంటు మోకాళ్ళ దాకా తడుపుకుంటూ. నీళ్ళు ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి బెంచీ వైపు చూశాను. మహతి దిగింది లేదు, అయినా చూశాను. ఎన్నోసారో గుర్తులేదు, మహతి లేచి వచ్చి మిషన్లు నా చొక్కా జేబులో ఉన్న డబ్బీలో తనే పెట్టి, మూత బిగించింది.

మధ్యాహ్నం రెండు దాకా నీళ్ళు ఆగడం, తను చూడడం, నేను చూడడం. మెడ పట్టేసింది. కారప్పొడి అద్దిన ఇడ్లీలు నీళ్ళలో తడిసిన చేతులతోనే తినేశారు ఇద్దరూ. కారులోకి వచ్చాక మహతి మిషన్లు పెట్టుకుని, "నాన్నా, నీకు చేతులతో బ్రదర్ ఎలా చెప్పాలో తెలుసా?" అంది.

"తెలియదు. నేర్పుతావా?"

బొటనవేలు నుదుటి దగ్గర పెట్టి, చెయ్యి కిందికి దించి, రెండో చేతిమీద ఆనించింది. నేను చేశాను. "నో, నువ్వు కౌ అంటున్నావు," అంది. వెనక సీట్లో రుత్విక్ అంబా అన్నాడు. ఇల్లు చేరేలోపు ఆ ఒక్క ముక్కా సరిగా వచ్చింది.

శాన్ రామన్, గురువారం

ఒక్కో కొండ దాటేకొద్దీ ఎండ ముదురుతుంది ఇక్కడ. సన్నీవేల్‌లో స్వెటర్ వేసుకుని బయల్దేరితే శాన్ రామన్‌లో చొక్కా కూడా బరువే. పార్కులో దిగగానే తెలుగు వినిపించింది. "ఒరేయ్ చెప్పులేసుకోరా", "షూస్ తడిస్తే చంపుతా". నీడలో రెండు బల్లలు కలిపి, బెలూన్లు కట్టి, ఎవరిదో పుట్టినరోజు. అల్యూమినియం ట్రేలలో పులిహోర, మిరపకాయ బజ్జీ, చికెన్ పకోడీ. మేం తెలుగువాళ్ళమని మొహం చూసే కనిపెట్టారు.

"రండి రండి, ప్లేట్ తీసుకోండి. అయ్యో, మొహమాటం దేనికండీ, మిగిలితే మోసుకెళ్ళాల్సింది నేనే," అందొక ఇల్లాలు.

పార్కు అందరిదీ, పుట్టినరోజు వాళ్ళది, తిండి మళ్ళీ అందరిదీ. అమెరికాలో ఈ మూడో ముక్క మనవాళ్ళు ఉన్నచోటే చూశాను.

మహతి నీళ్ళలోంచి వచ్చి, తల తుడుచుకుని, మిషన్లు పెట్టుకుని బజ్జీ తింటోంది. టోపీ కారులో ఉండిపోయింది. పక్కన కుర్చీలో ఆ ఇంటివాళ్ళ అత్తగారు, తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ. చాలాసేపు పరకాయించి చూసి గట్టిగా అడిగింది:

"ఏం నాయనా, పాప చెవిలో ఏంటది?"

బల్ల చుట్టూ తలలు తిరిగాయి. నా నోట్లోంచి, ఆరేళ్ళుగా వాడి వాడి నున్నబడిన మాట జారి వచ్చేసింది. "ఇన్‌ఫెక్షన్ అండీ. మందు వేస్తున్నాం, తగ్గిపోతుంది."

"నాన్నా," అంది మహతి. బజ్జీ కింద పెట్టింది. "ఇన్‌ఫెక్షన్ లేదు. దట్స్ నాట్ ట్రూ." ఆవిడ వైపు తిరిగింది. "అమ్మమ్మా, ఇవి నా హియరింగ్ ఎయిడ్స్. నాకు బేబీ నుంచి వినపడదు. ఇవి పెడితే వినపడుతుంది."

నేల చీలితే బాగుండుననిపించింది. అన్ని మైళ్ళు తిరిగింది ఈ అబద్ధం ఈ పిల్ల ముందు చెప్పడానికా?

పెద్దావిడకు మొదట సగమే వినిపించినట్టుంది. "ఏవంటంది?" అని కోడల్ని అడిగి, చెప్పించుకుని, ఒక్కసారి నవ్వింది. "ఓసినీ బంగారంగానూ! నాక్కూడా ఉన్నాయే తల్లీ. మా అబ్బాయి కొన్నాడు. పాడైపోయినయ్. ఆ సంచీ ఇట్టా అందుకోండి."

చేతిసంచీలో, తమలపాకుల పొట్లం కింద, కొత్త డబ్బీ. మహతి ఒక మిషన్ తీసి అటూ ఇటూ తిప్పి, బ్యాటరీ తలుపు తెరిచింది. "అమ్మమ్మా, స్టిక్కర్ తీయలేదు."

బ్యాటరీకి ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. అది పీకితేగాని పనిచేయదు. ఆవిడ నెలరోజులుగా దాన్ని పీకకుండానే పెట్టుకుని, పాడైందని తీసేసింది. మహతి గోటితో రెండు కాగితాలూ ఊడదీసింది. "ఇప్పుడు ఫైవ్ మినిట్స్ వెయిట్ చేయాలి. గాలి పోవాలి లోపలికి." ఆ ఐదు నిమిషాలూ ఆవిడ బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంది. తర్వాత మహతే ఆవిడ చెవుల్లో పెట్టింది, కుడిది ఏదో ఎడమది ఏదో సరిచూసి.

ఆవిడ పార్కు వైపు తిరిగింది. "అబ్బో, ఈ నీళ్ళు ఇంత గోల చేస్తన్నాయా!"

అందరూ నవ్వారు. ఆవిడ నావైపు చూసి గొంతు తగ్గించి అంది, "నేనూ ఇట్టాగే దాచుకున్నా నాయనా. పెళ్ళిళ్ళకెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని. నువ్వేం బాధపడమాక." మందలించి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ మాటకి తలెత్తలేకపోయాను.

తిరుగుదారిలో అద్దంలోంచి మహతిని చూస్తూ చెప్పాను. "సారీ మహీ. అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"సిగ్గేసింది."

ఆలోచించింది. "నాకు సిగ్గు లేదు," అంది గర్వంగా.

తెలుగులో ఆ మాటకి ఇంకో అర్థముందని దానికి తెలియదు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "అక్కర్లేదమ్మా, నీకు అక్కర్లేదు," అన్నాను.

లివర్‌మోర్, శుక్రవారం

ఇంకా తూర్పుకి వెళితే కొండలన్నీ ఎండుగడ్డి రంగులో ఉంటాయి, అచ్చం మా అనంతపురం దారిలాగే. ఆ రోజు నూట మూడు డిగ్రీలు. ఇక్కడి లెక్కలో సుమా, మన లెక్కలో ముప్ఫై తొమ్మిది దాటింది. చెప్పు విడిచి సిమెంటు మీద కాలు పెడితే చురుక్కుమంది. ఊరు ఊరంతా పార్కులోనే ఉన్నట్టుంది. ఎవరో పాటలు పెట్టారు. తలమీది పెద్ద బకెట్ బోర్లాపడ్డప్పుడల్లా ఉరుమినట్టు చప్పుడు. ఒక వేసవి క్యాంపు నుంచి నారింజరంగు టీషర్టులు వేసుకున్న బుడతలు ఒక గుంపు వచ్చారు. మా రుత్విక్ చొక్కా కూడా నారింజరంగే. ఆ సంగతి నాకప్పుడు పట్టలేదు.

మహతి నీళ్ళలోకి వెళ్ళింది. ఇప్పుడు తనకు బెరుకు లేదు, బకెట్ కింద నిలబడడానికి వరసలో కూడా నిలబడుతోంది. గట్టు పక్కన ఒక మెక్సికన్ పెద్దాయన చక్రాల బండిమీద మామిడిపండు ముక్కలు అమ్ముతున్నాడు. కప్పు ఎనిమిది డాలర్లు. పైన కారం, ఉప్పు, నిమ్మరసం. మన బడిగేటు ముందు అమ్మే ఉప్పూకారం మామిడికాయకి దూరపు చుట్టం. కారం ఇంకొంచెం అని వేలు చూపించాను. ఆయన అనుమానంగా చల్లాడు. ఇంకా అన్నాను. ఈసారి నవ్వి, ధారాళంగా చల్లాడు. కప్పు అందుకుని, "ఇదిగోరా రుత్వీ" అని కిందికి చూశాను.

రుత్విక్ లేడు.

బండి వెనక చూశాను, బల్లకింద చూశాను. నారింజరంగు చొక్కా కనిపిస్తే పరుగెత్తి భుజం పట్టుకు తిప్పాను, వాడు కాదు. ఇంకొకడు. వాడూ కాదు. "రుత్వీ! రుత్విక్!" నీళ్ళ హోరు, పాటలు, యాభైమంది పిల్లల అరుపులు. నా గొంతు నాకే వినిపించలేదు. పార్కు అవతల కార్లు తిరిగే రోడ్డు. మామిడి కప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

అప్పుడు నీళ్ళు ఆగాయి.

అందరూ "ఓ..." అని నిట్టూర్చారు. ఆ నిశ్శబ్దంలో మళ్ళీ అరిచాను, జవాబు లేదు. అప్పుడు తల తిప్పి చూశాను మహతి వైపు. బకెట్ కింద నిలబడి, ఒప్పందం ప్రకారం, నావైపే చూస్తోంది. నా మొహం చూసి తన మొహం మారిపోయింది. చేతులు వాటంతటవే లేచాయి. బొటనవేలు నుదుటిమీద పెట్టి, దించి, రెండో చేతిమీద ఆనించాను. సరిగా చేశానో లేదో. తర్వాత రెండు అరచేతులూ చాపాను, ఎక్కడ అని.

మహతి ఒక్క క్షణం కూడా వెతకలేదు. చెయ్యి పూర్తిగా చాపి పార్కింగ్ వైపు చూపించింది. వాడు వెళ్ళడం తను చూసింది. మా ఇంట్లో ఎవరు ఎటు కదిలినా ముందు చూసేది తనే.

పరుగెత్తుకుంటూ వెళ్ళి తనని చంకనేసుకుని పార్కింగ్ వైపు పరుగెత్తాను. పసుపురంగు బస్సు తలుపు తెరిచి ఉంది. నారింజరంగు టీషర్టుల పిల్లలు ఒక తాడుకున్న ఉంగరాలు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. కాలేజీ పిల్లలా ఉన్న ఒకమ్మాయి వేలితో తలలు లెక్కపెడుతోంది. "పద్దెనిమిది... పంతొమ్మిది?" మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. వరస చివర, ఉంగరం దొరక్క ఉత్త తాడే పట్టుకుని, మా రుత్విక్.

"నాన్నా, బస్!" అన్నాడు. నన్ను కూడా ఎక్కమన్నట్టు.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "సార్, ఒకరు ఎక్కువ వచ్చారని ఇప్పుడే అనుకుంటున్నాను, తలుపు వేసేదాన్ని కాదు సార్," అని ఇంగ్లీషులో గబగబా చెప్పుకుంటోంది. తప్పు నాదని గుండెమీద చెయ్యి తట్టి చూపించాను. రుత్విక్‌ని ఎత్తుకుని ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను. మహతి నా ఎదురుగా నిలబడి, తడిచేతులతో నా బుగ్గలు పట్టి మొహం పైకెత్తింది. తర్వాత రెండు అరచేతులూ విప్పి, ఒక్కసారి బయటికి తిప్పింది. ఆ సైగ నాకప్పటికి తెలియదు. అయిపోయింది అని అర్థమట, తర్వాత చెప్పింది.

మేం లేచి వచ్చేసరికి మామిడిపళ్ళాయన ఇంకో కప్పు కట్టి సిద్ధంగా ఉంచాడు. డబ్బివ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపాడు. పిల్లలిద్దరూ కారానికి ముక్కులు చీదుకుంటూ అడుగుదాకా తిన్నారు.

ఇంటికి

ఐదున్నరకి తలుపు తీశాం. స్వప్న టేబుల్ దగ్గరే ఉంది, జుట్టులో రెండు పెన్సిళ్ళు గుచ్చుకుని. మర్నాటి పరీక్ష బాగానే రాసిందని ఇక్కడే చెప్పేస్తాను, ఫలితం ఇంకా రావాలి. రుత్విక్ నా భుజమ్మీదే నిద్రపోయాడు. వాడు తప్పిపోయిన సంగతి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను.

"ఎట్లయింది ట్రిప్పు?" అంది స్వప్న, పుస్తకం మూసి.

నాకు చెప్పే అవసరం లేకపోయింది. మహతి వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి మొదలుపెట్టింది. నోటితో తెలుగు, మధ్యలో ఇంగ్లీషు, రెండిటితోపాటు చేతులు. డోనా, ఆవిడ మనవరాలు, బజ్జీలు, అమ్మమ్మ చెవి మిషన్లు, పంతొమ్మిదో పిల్లవాడు. వరస లేదు, ఊపిరి లేదు. బకెట్ ఎలా బోర్లాపడుతుందో చూపించబోయి వెనక్కి కూర్చుండిపోయింది. స్వప్న ఒకసారి నావైపు చూసింది, పిల్ల చేతులు అలా ఆడుతుంటే నేనేమంటానోనని.

తప్పిపోయిన సంగతి దగ్గరికి వచ్చేసరికి మహతి నోటితో చెప్పడం మానేసింది. చేతులే వేగంగా కదిలాయి. అందులో తమ్ముడు అర్థమైంది, నీళ్ళు అర్థమైంది. చివర నావైపు చూసి, నుదుటి దగ్గర అరచెయ్యి విప్పి, ఏదో పొడుగ్గా చెప్పింది. నా గురించేనని తెలిసింది, ఏమందో తెలియలేదు.

రుత్విక్‌ని సోఫాలో పడుకోబెట్టి, వచ్చి దాని ముందు నేలమీద కూర్చున్నాను.

"మళ్ళీ చెప్పు," అన్నాను. "నాకు రాలేదు."

ఈసారి నెమ్మదిగా, ఒక్కో సైగా ఆపి ఆపి, నేను పట్టుకునేదాకా చెప్పింది: నీళ్ళు ఆగాయి, నాన్న నావైపు చూశాడు.